పూరీ గేట్ మీదుగా జంట సైకిల్

మా ఇంట్లో సైకిల్ ఒకటే, సీట్లు మాత్రం రెండు. ముందు సీటు నాది, వెనక సీటు మా ఆయన సత్యంది. ఒకరి వెనక ఒకరు కూర్చుని ఇద్దరూ తొక్కే ఈ బండిని టాండెమ్ అంటారు. మేము జంట సైకిల్ అంటాం. మూడేళ్ళుగా విశాఖ బీచ్ రోడ్డు మీద పొద్దున్నే మమ్మల్ని చూసి నవ్వనివాళ్ళు లేరు. ఆడమనిషి హ్యాండిల్ పట్టుకోవడమేంటి, మగాడు వెనకాల కూర్చోవడమేంటి అని. నాకు కాస్త నోరెక్కువ కాబట్టి నవ్వినవాళ్ళకి అక్కడికక్కడే బదులిచ్చేస్తాను. సత్యం ఏమీ అనడు, తొక్కుతాడు. ఆ ఫొటోలూ కబుర్లూ ఈ బ్లాగులో పెడుతూ ఉంటాను. ఆ ఫొటోలు చూసే, డిసెంబరులో ఖరగ్‌పూర్ నుంచి తపన్ దా అనే ఆయన ఫోన్ చేశాడు.

తపన్ దా (దా అంటే అన్న) బెంగాలీ, స్కూలు మాస్టారు. తెలుగు చదవలేడు గానీ, ఇరుగూ పొరుగూ అంతా తెలుగువాళ్ళే కావడంతో చక్కగా మాట్లాడతాడు. వాళ్ళ ఊళ్ళో తొమ్మిది జంట సైకిళ్ళున్నాయట. నెలకోసారి, రెండో శనివారం, అందరూ కలిసి ముప్పై కిలోమీటర్లు తొక్కి, తర్వాత కలిసి భోంచేస్తారట. ఆదివారం ఎందుకు కాదంటే సగం మంది చర్చికి వెళ్ళాలి కాబట్టి. ఇదంతా చెప్పి అసలు సంగతికి వచ్చాడు. బృందంలో దానియేలు గారని ఒక పెద్దాయన ఉన్నారు. రిటైరైన రైలు డ్రైవరు, ముప్పయ్యారేళ్ళ సర్వీసు. మొదటి నుంచీ ఆయనే ముందు సీటు, భార్య మార్తమ్మ గారు వెనక. ఇప్పుడు ఆయన చూపు తగ్గింది. ముందు కూర్చోనివ్వలేరు, వెనక కూర్చోమంటే ఆయన కూర్చోరు. మూడు నెలలుగా సవారీకి రావడమే మానేశారు. ఇప్పుడు ఆ సైకిలే అమ్మేస్తానంటున్నారట. "మీ ఇద్దరూ వచ్చి ఒకసారి తొక్కి చూపించండి దీదీ" అన్నాడు తపన్ దా. నాకింకేం కావాలి. వెనక సీటులో కూర్చున్న మగాణ్ణి వెంటబెట్టుకుని ఒక ఊరికి బుద్ధి చెప్పే అవకాశం మళ్ళీ మళ్ళీ వస్తుందా. ఆ రోజే టికెట్లు తీశాను.

విశాఖ నుంచి హౌరా వైపు వెళ్ళే రైళ్ళు చాలావరకు ఖరగ్‌పూర్‌లో ఆగుతాయి. రైలుని బట్టి పదకొండు, పన్నెండు గంటల ప్రయాణం. స్లీపర్లో మనిషికి ఐదువందల లోపే అయింది. సైకిల్ని పార్శిల్లో వేద్దామా అని ఒక పూటంతా ఆలోచించి మానేశాం. బండి అక్కడ ఇస్తామన్నారు, మేము మా సీట్లు రెండూ విప్పి సంచిలో వేసుకెళ్ళాం. అలవాటు లేని సీటు మీద ముప్పై కిలోమీటర్లు తొక్కితే రెండు రోజులు నిలబడే భోంచేయాల్సి వస్తుంది, ఇది మాత్రం గుర్తుపెట్టుకోండి. శుక్రవారం పొద్దున్నే దిగి, మనిషికి ఇరవై రూపాయలిచ్చి టోటో, అంటే బ్యాటరీ ఆటో, ఎక్కి ఇందా అనే పేటకి వెళ్ళాం. అక్కడ తొమ్మిదివందలకి గది దొరికింది. బజారు మధ్య కాబట్టి బస్సుల హారన్లు తప్పవు.

మధ్యాహ్నం వెతుక్కుంటూ వెళ్ళిన చిన్న హోటల్లో వంటాయన మా మాట విని పొయ్యి దగ్గర నుంచి బయటికి వచ్చేశాడు. ఏ ఊరని అడిగితే విశాఖ అన్నాం. వాళ్ళ తాత శ్రీకాకుళం వైపు నుంచి రైల్వే పనికి వచ్చాడట. "నానెప్పుడూ ఆ ఊరు సూడనేదు. మాట మాత్తరం మాది అక్కడిదే" అన్నాడు, ఇంకో గరిటె సాంబారు పోస్తూ. ఆ మాట మా అమ్మమ్మ మాటలాగే ఉంది. విశాఖలో మా పిల్లలు ఆ యాస వింటే నవ్వుతారు. ఇక్కడ బెంగాలీ బజారు మధ్యలో మూడు తరాలుగా దాన్ని పోనివ్వకుండా పట్టుకున్నారు. నాకు అన్నం ముందు కూర్చునే ఛాతీ ఉప్పొంగింది.

శనివారం ఆరున్నరకి ఝపటాపూర్ మైదానం చేరాం. చలి బాగా ఉంది, మంచు పట్టి ఎదుటి ఇళ్ళు కూడా సగమే కనిపిస్తున్నాయి. తొమ్మిది సైకిళ్ళూ వరసగా నిలబెట్టి ఉన్నాయి. వాటిలో కంపెనీ బండి ఒక్కటి కూడా లేదు. రైల్వే వర్క్‌షాపులో పనిచేసి రిటైరైన వెల్డర్లు రెండేసి పాత సైకిళ్ళు కోసి, అతికి, రంగులేసి తయారుచేసినవి. అతుకు ఎక్కడుందో వేలితో తడిమినా తెలియలేదు. మా లక్షన్నర బండి గురించి వచ్చేటప్పుడు రైల్లో ఎన్ని గొప్పలు చెప్పుకున్నానో గుర్తొచ్చి నోరు మూసుకున్నాను.

మార్తమ్మ గారు నాకంటే పొట్టి, అరవై మూడేళ్ళ మనిషి, చీర మీద స్వెటరు, కాళ్ళకి కాన్వాస్ బూట్లు. నర్సుగా పనిచేసినన్నాళ్ళూ డ్యూటీకి సైకిల్ మీదే వెళ్ళారట. నన్ను పక్కకి లాక్కెళ్ళి ఒక రహస్యం చెప్పారు. రెండు నెలలుగా ఆయన నిద్ర లేవకముందే ఈ మైదానానికి వచ్చి, జంట సైకిల్ వెనక సీటుకి పాతిక కేజీల బియ్యం బస్తా కట్టుకుని, ముందు కూర్చుని తొక్కడం నేర్చుకున్నారట. మొదట్లో మూడుసార్లు పడ్డారట. బస్తా చిరిగి గింజలు మైదానమంతా పోతే ఏరుకుని తెచ్చి వండేశారట, ఆయన అన్నంలో రాయి తగిలిందని గొడవ చేశారట. నవ్వుతూనే చెప్పారు గానీ చివర్లో నా చెయ్యి పట్టుకున్నారు. "ఆయన్ని ఇంట్లో కూకోబెట్టి సూడలేకపోతన్నానమ్మా. సైకిల్ అమ్మేస్తే ఇంక ఆయన గడప దాటరు" అన్నారు.

దానియేలు గారు కాస్త దూరంగా, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి ఉన్నారు. ఆరడుగుల మనిషి, తెల్లటి మీసం. వచ్చారు కానీ ఎక్కుతానని మాటివ్వలేదు. ఆయన చూపు సంగతి తపన్ దా ముందే చెప్పాడు. ఎదురుగా ఉన్నది మసకేస్తుంది, పక్కలు కనిపిస్తాయి. మనిషి మొహం తెలియదు, ఆ మనిషి పక్కనున్న చెట్టు తెలుస్తుంది. రైలు డ్రైవరుకి కళ్ళంటే ఏంటో ఆ ఊళ్ళోనే నాకు అర్థమైంది. సర్వీసులో ఉన్నన్నాళ్ళూ కొన్నేళ్ళకోసారి కంటి పరీక్ష ఉంటుంది. అందులో ఫెయిలైతే ఇంజన్ నుంచి దింపేసి బల్ల దగ్గర కూర్చోబెడతారు. దానియేలు గారు రిటైరయ్యే దాకా ఒక్కసారి కూడా ఫెయిలవలేదు. ఆయన తోటి డ్రైవర్లు రిటైరయ్యాక రోజూ పొద్దున్న పూరీ గేట్ అనే చోట టీ కొట్టులో కూర్చుంటారు, సవారీ వెళ్ళేది ఆ కొట్టు ముందు నుంచే. వెనక సీటులో కూర్చుని అటు వెళ్తే కళ్ళు పోయాయని దండోరా వేసినట్టే. వాళ్ళెవరికీ ఆయన ఇంతవరకు చెప్పలేదు.

ఇంత తెలిసి కూడా నేను చేసిన పని వినండి. రైలు ఊరు కదా, ఆయనకి గౌరవంగా ఉంటుందని తపన్ దా ఆ రోజు వెనక సీటుకి గార్డు సీటని పేరు పెట్టాడు. మెళ్ళో వేసుకోడానికి ఒక విజిల్ కూడా తెచ్చాడు. నాకా ఆలోచన తెగ నచ్చేసింది. ముందుకెళ్ళి, గార్డంటే తక్కువేం కాదండీ, గార్డు విజిల్ ఊదకుండా డ్రైవరు అంగుళం కదలలేడు కదా, నిజానికి రైలుకి పెద్ద ఆయనే కదా అని చిన్న ఉపన్యాసం ఇచ్చాను. ముప్పయ్యారేళ్ళు డ్రైవరుగా బతికిన మనిషితో అనకూడని మాట ఏదైనా ఉందంటే అదేనని నాకెవరు చెప్పారు. ఆయన విజిల్ వైపు కూడా చూడలేదు. "ముప్పయ్యారేల్లు గార్డులు లేటు సేస్తే ఆ తిట్లు నాను తిన్నాను. ఇప్పుడు నన్ను గార్డుని సేస్తారేటమ్మా" అని ఇంటి వైపు నడవడం మొదలుపెట్టారు. నాకు తల కొట్టేసినట్టయింది.

నాలుగడుగులు వేసి ఆగారు. వెనక్కి తిరిగి, నన్ను కాదు, సత్యాన్ని పిలిచారు. "నువ్వు ఎనకాల కూకుంటావంట గదా బాబూ. నీకెలగుంటాది? నిజం సెప్పు."

సత్యం నా వైపు ఒకసారి చూశాడు. బాగానే ఉంటుందని చెబుతాడనుకున్నాను, ఎవరడిగినా అదే చెబుతాడు కాబట్టి. "మొదటి ఏడాది సిగ్గుగా ఉండేదండీ" అన్నాడు. "ఎవరైనా తెలిసినవాళ్ళు ఎదురైతే తల దించుకునేవాణ్ణి. ఈవిడ వాళ్ళతో పోట్లాడేది. పోట్లాడితే ఇంకో నలుగురు చూసేవారు." తర్వాతేమైందని దానియేలు గారు అడిగారు. సిగ్గు అలాగే ఉంటుందండీ, కానీ పొద్దున్నే ఈవిడ లేకుండా తొక్కాలనిపించదు, అందుకని ఎక్కుతాను అన్నాడు సత్యం.

మూడేళ్ళు. మూడేళ్ళుగా ఈ మనిషి నా వెనకాల తల దించుకుని తొక్కాడు, నేను ముందు తలెత్తుకుని కూర్చుని ఊరందరికీ సమాధానాలు చెప్పాను. ఒక్కసారి కూడా అతన్ని అడగలేదు. నాకు కోపం వచ్చింది, అతని మీద కాదు. ఎవరి మీద చూపించాలో తెలియక హ్యాండిల్ బార్ తుడుస్తూ నిలబడ్డాను.

అప్పుడు మార్తమ్మ గారు సైకిల్ నడిపించుకుంటూ ఆయన పక్కకి తెచ్చారు. ఎవరికీ వినబడకూడదన్నట్టు తగ్గు గొంతుతోనే అన్నారు గానీ అందరికీ వినబడింది. "గార్డు పెట్టెకీ ఇంజనుకీ ఎంత దూరం ఉంటాదో మీకు తెలీదా. ఇక్కడ మీ సెయ్యి సాపితే నా ఈపు తగుల్తాది. మనిద్దరం ఇంజన్లోనే ఉన్నాం. ఎక్కండి." ఆయన ఆ వెనక సీటు మీద చెయ్యి పెట్టారు. తర్వాత ఒకటే షరతు పెట్టారు, పూరీ గేట్ మీదుగా వద్దని. గల్లీల్లోంచి చుట్టూ తిరిగి వెళ్తే రెండు కిలోమీటర్లు ఎక్కువ. తొమ్మిది బండ్లూ మారు మాట్లాడకుండా గల్లీల్లోకి తిరిగాయి.

మేము వాళ్ళ వెనకే వెళ్ళాం. బయల్దేరిన ఐదు నిమిషాలకే ఒక వింత విన్నాను. మార్తమ్మ గారు రోడ్డు మీద ఏది కనిపించినా పైకి చెబుతున్నారు. "గుంట, కుడి." వెనక నుంచి ఆయన అదే మాట. "గుంట, కుడి." "ఆవు, ఎడమ." "ఆవు, ఎడమ." మొదట పరాచికాలేమో అనుకున్నాను. పక్కన తొక్కుతున్న తపన్ దా చెప్పాడు, ఇంజన్లో అదే పద్ధతట. సిగ్నల్ కనబడగానే ఒకరు రంగు పైకి చెప్పాలి, రెండోవారు అదే తిరిగి చెప్పాలి. ఇద్దరి మాటా కలిస్తేనే బండి ముందుకు. మార్తమ్మ గారు ఇంజన్ ఎక్కింది లేదు. ఆయన నిద్రలో కలవరిస్తుంటే వినీ వినీ నేర్చుకున్నారట. ఆమె చెప్పడం, ఆయన తిరిగి చెప్పడం, ఆ రెండు మాటల మధ్య ఒక్క క్షణం ఆలస్యం లేదు. గుంట దగ్గరికి వచ్చేసరికి ఇద్దరూ ఒకేసారి సీటు మీంచి కాస్త లేచి మళ్ళీ కూర్చుంటున్నారు. అదే గుంటలో సత్యం నడుము ధడేల్మని అదిరేది. అబ్బా అని కూడా అనడు.

ఎనిమిదిన్నరకి ఊరి బయట సాల్ చెట్ల మధ్య ఉన్న ఒక పల్లె చేరాం. అక్కడ మట్టి పొయ్యి మీద వేడివేడి ఘుగ్నీ, అంటే బఠాణీ కూర, మరమరాలు, ఆలూ చాప్‌లు పెట్టారు. మనిషికి నలభై రూపాయలకే కడుపు నిండింది. ఖర్జూర బెల్లం కొత్తగా దిగే రోజులు, కావాలంటే అక్కడే కొనుక్కోండి, బజారులో ఆ వాసన రాదు. దానియేలు గారు అందరితో కలవకుండా ఒక్కరే కూర్చుని తిన్నారు. నేను వెళ్ళి, పొద్దున్న నోరు జారానండీ, క్షమించండి అన్నాను. పర్లేదమ్మా, గార్డులు కూడా మనుషులే అన్నారు. నవ్వారో లేదో ఆ మీసాల్లో తెలియలేదు. కాసేపాగి, వచ్చే దారిలో ఎడమ పక్కన చెరువులో తామరలు ఉన్నాయి చూశావా అని అడిగారు. నేను చూడలేదు. ముందు కూర్చున్నదాన్ని, రోడ్డు చూస్తున్నాను.

తిరుగు ప్రయాణంలో గల్లీ మలుపు దగ్గర జరిగింది చెప్పాలి. తిన్నగా వెళ్తే పూరీ గేట్, ఎడమకి తిరిగితే పొద్దున్న వచ్చిన గల్లీ. మార్తమ్మ గారు చెయ్యి చాపి, "ఎడమ, గల్లీ" అన్నారు. వెనక నుంచి మాట రాలేదు. ఆమె మళ్ళీ చెప్పారు. రాలేదు. వినబడలేదేమో అనుకుని వేగం తగ్గించి, కాలు కింద పెట్టేశారు. వెనకాల మిగతా ఎనిమిది బండ్లూ ఆగాయి. ఆయన దిగి వెళ్ళిపోతారేమో అనుకున్నాను.

"తిన్నగా" అన్నారు దానియేలు గారు.

ఆమె మెడ తిప్పకుండా, ఈ టైముకి వాళ్ళంతా కొట్టు దగ్గరే ఉంటారండీ అన్నారు. ఆయన మళ్ళీ ఒకే మాట. "తిన్నగా." మార్తమ్మ గారు హ్యాండిల్ సరిచేసుకుని, "తిన్నగా" అని తిరిగి చెప్పి పెడల్ మీద కాలేశారు.

కొట్టు ముందు బెంచీ మీద ఐదుగురున్నారు. అందరూ అరవై దాటినవాళ్ళే, చేతుల్లో టీ భాండాలు, అంటే మట్టి కప్పులు. మా వరస చూసి ఇటు తిరిగారు. వాళ్ళలో ఒకాయన లేచి నిలబడి, "ఏటి దానియేలన్నా, ఎనక్కి పోనావేటి?" అని గట్టిగా అడిగాడు. ఎగతాళో, ఆశ్చర్యమో నాకు తెలియలేదు. నా నోటి దాకా సమాధానం వచ్చేసింది. వెనక నుంచి సత్యం నా భుజం మీద చెయ్యి వేశాడు, నోరు మూసుకున్నాను.

దానియేలు గారు బండి ఆపించారు. దిగలేదు. వెనక సీటులో నిటారుగా కూర్చునే, ఎవరి మొహమూ సరిగా కనబడని ఆ కళ్ళతో బెంచీ వైపు తిరిగి, అందరికీ వినబడేలా చెప్పారు. "కంటి పరీచ్చలో ఫెయిలైపోనాను రా. మార్త పాసయింది. బండి అది నడుపుతంది."

ఎవరూ నవ్వలేదు. లేచిన ఆయన చేతిలో భాండం కింద పెట్టి వచ్చి, దానియేలు గారి మోకాలి మీద చెయ్యి వేసి, ఎన్నాళ్ళ నుంచి అన్నా అని అడిగాడు. ఏడాది దాటిందని చెబితే, నాకూ ఎడం కన్ను పోయింది, నేనూ ఎవరికీ చెప్పలేదు అన్నాడు. తర్వాత కొట్టువాణ్ణి కేకేసి రెండు టీలు తెప్పించాడు. మొదటి భాండం మార్తమ్మ గారికి ఇచ్చాడు. "ముందు డ్రైవరుకి" అన్నాడు. మార్తమ్మ గారు స్వెటరు చేతితో కళ్ళు తుడుచుకుని, హ్యాండిల్ వదలకుండానే ఒంటి చేత్తో టీ తాగారు. నాకు ఏడుపొచ్చేసింది, దాచుకోలేదు కూడా. వాళ్ళు నాకేమీ కారు. అయినా ఆ క్షణంలో, ఇదిగో వీళ్ళు మావాళ్ళు అని ఆ రోడ్డు మీద పోయే ప్రతి బస్సునీ ఆపి చెప్పాలనిపించింది.

ఆ మధ్యాహ్నం తపన్ దా ఇంటి పెరట్లో పద్దెనిమిది మందీ వచ్చారు. చేపల పులుసు మార్తమ్మ గారు, పులిహోర ఇంకో ఇల్లు, పాయసం తపన్ దా వాళ్ళమ్మ. సైకిల్ అమ్మే మాట ఎవరూ ఎత్తలేదు. నేను ఆ ఊరికి ఒకటి చూపించాలని వెళ్ళాను. వెనక సీటులో కూర్చోవడం తప్పు కాదని ఇన్నాళ్ళూ అరిచి చెప్పాను గానీ, అక్కడ కూర్చోడానికి ఎంత గుండె కావాలో ఆ ఊళ్ళోనే చూశాను. సిగ్గు పడుతూనే మూడేళ్ళు నాతో తొక్కిన మనిషిని చూస్తే ఇప్పుడు నాకు గర్వంగా ఉంది. ఆ మాట ఇంటికొచ్చాక అతనితోనే చెప్పాను. ముందు సీటు కావాలా అని కూడా అడిగాను. వద్దన్నాడు, కానీ అడిగినందుకు చాలాసేపు నా వైపే చూస్తూ కూర్చున్నాడు.

మీరు వెళ్ళాలనుకుంటే డిసెంబరు, జనవరి నెలలు మంచివి, ఎండ ముదరకముందే తిరిగొచ్చేయొచ్చు. జంట సైకిల్లో ముందు కూర్చునేవాళ్ళకి ఒక్క సలహా. గుంట వస్తే మీకు కనిపిస్తుంది, వెనకవాళ్ళకి మీ వీపు తప్ప ఏమీ కనిపించదు. కాబట్టి ముందే పైకి చెప్పండి, వెనక నుంచి మాట వచ్చే దాకా వినండి. నిన్న బీచ్ రోడ్డు మీద మొదటిసారి నేను "గుంట, ఎడమ" అన్నాను. కాసేపటికి వెనక నుంచి "గుంట, ఎడమ" అని వినబడింది.